క్యాంపు గేటు ఎదుట రాసిన రిమార్కు

మస్కట్: బాల్కనీ డ్యూటీ

ఊరు చూసి రమ్మని పంపితే ఆ ఊళ్ళో ఎన్ని గేట్లున్నాయో, ఏ గేటు దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూసి వచ్చే జాతి మాది. రాయలసీమలో ముప్పై మూడేళ్ళు ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసుగా చేశాను. ఏ జిల్లాలో అన్నది చెప్పను. కానిస్టేబుల్‌గా చేరి రిజర్వు ఎస్సైగా దిగాను. దొంగల్ని పట్టుకునే పోలీసులం కాము మేము. ట్రెజరీ, సబ్‌జైలు, జడ్జిగారి బంగళా, ఎన్నికల పెట్టెలు కాపలా కాసేవాళ్ళం. ఒమాన్ వెళ్ళి వచ్చినవాళ్ళు మీకు సముద్రం గురించీ కొండల గురించీ చెప్తారు. నేను కాపలా గురించి చెప్తాను. దానితోపాటు అక్కడ నేను చేసిన ఒక వెధవ పని గురించి కూడా చెప్పాలి.

మా అమ్మాయి లావణ్య మస్కట్‌లో ఇండియన్ పిల్లల బడిలో లెక్కల టీచరు. రిటైరయ్యాక ఇంట్లో నా కాలు ఒకచోట నిలవడం లేదని వాళ్ళమ్మ ఫోన్లో మొరపెట్టుకుంటే నన్ను పిలిపించుకుంది. అక్కడా అదే వరస. పొద్దున అల్లుడూ అమ్మాయీ డ్యూటీకి వెళ్ళిపోతే ఫ్లాట్లో నేనూ, ఏసీ మోతా. బాల్కనీలో కుర్చీ వేసుకుని నాలుగు రోజులు రోడ్డు కాపలా కాశాను. ఒక్క లాఠీ కనబడలేదు. కూడలి దగ్గర గొడుగు కింద నిలబడి ఈల ఊదే మనిషి లేడు. అయినా ఎవడూ ఎర్రలైటు దాటడు, ఎవడూ అనవసరంగా హారన్ కొట్టడు. మనిషి కనబడకుండా ఊరిని ఎవరు పట్టి ఉంచుతున్నారో తెలియక నాకు తిక్క పుట్టింది.

అయిదో రోజు అల్లుడి రెసిడెంట్ కార్డు కొత్తది చేయించడానికి లావణ్యతో పోలీసు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ కొంత అర్థమైంది. మన దగ్గర డ్రైవింగ్ లైసెన్సుకు ఒక ఆఫీసు, పాస్‌పోర్టుకు ఒక ఆఫీసు, రేవులో పన్నుకు ఒక శాఖ, సముద్రం మీద గస్తీకి వేరే దళం. ఒకరి ఫైలు ఇంకొకరికి కనబడదు. ఇక్కడ ఇవన్నీ ఒకే పోలీసు శాఖ చేస్తుంది. లైసెన్సు ఇచ్చేదీ వాళ్ళే, వీసా ముద్ర వేసేదీ వాళ్ళే, బయటి దేశాలవాళ్ళు ఇక్కడ ఉండడానికి దగ్గర పెట్టుకోవాల్సిన కార్డు ఇచ్చేదీ వాళ్ళే, రేవులో పెట్టె విప్పి చూసేదీ వాళ్ళే. సైన్యం వేరు, సుల్తానుగారి సొంత గార్డు వేరు. మిగతాదంతా ఈ ఒక్క చెయ్యి. దేశం చిన్నది, జనం తక్కువ. చిన్న ఇంట్లో ఒక్క మనిషే వంట చేసి, పిల్లల్ని చూసుకుని, తలుపు గడియ వేసుకున్నట్టు ఉంది ఏర్పాటు. కౌంటర్లో తల కప్పుకున్న ఒక పోలీసమ్మాయి మా కాగితాలు పది నిమిషాల్లో తేల్చేసింది.

"ఇది నాకు నచ్చిందమ్మా," అన్నాను లావణ్యతో.

"నచ్చుతుంది నాన్నా. ఎక్కడైనా తేడా వస్తే మాత్రం అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. అందుకే ఇక్కడ అందరూ జాగ్రత్తగా ఉంటారు," అంది.

ఆ మధ్యాహ్నం కింది కొట్లో వంద బైసాలకు, అంటే రియాలులో పదో వంతుకు, కాగితం కప్పులో చిక్కటి టీ, మూడు వందలకు చేతిలో పట్టేంత నోటుపుస్తకం కొన్నాను. మా డిపార్ట్‌మెంటు అలవాటు అది. ఎక్కడ గార్డు ఉన్నా ఆఫీసరు చెకింగుకు వెళ్ళినప్పుడు గార్డు పుస్తకంలో రాయాలి: మనుషులు ఎంతమంది, సెంట్రీ ఎక్కడ నిలబడ్డాడు, ఎప్పుడు మారాడు, ఎక్కడ లోపం ఉంది. కింద సంతకం. దాన్ని రిమార్కు అంటాం. జీతం ఆగిపోయినా చెయ్యి ఆగలేదు.

బర్కా: చాచా వాయిద్యం

ఆ సాయంత్రమే ఖాదర్ బాషా ఫోన్ చేశాడు. లావణ్య పెట్టిన ఫొటో ఎవరి ద్వారానో చూశాడట.

"సార్, నేను ఖాదర్‌ను. గుర్తుపట్టినారా? మీ కింద హోంగార్డు చేస్తి. నేనిప్పుడు బహ్లాలో ఉండా సార్. శుక్రవారం, శనివారం నాకు లీవు. మిమ్మల్ని తిప్పుతా, కాదనద్దండి," అన్నాడు.

గుర్తులేకపోవడమేమిటి. పదకొండేళ్ళుగా నాకు నిద్రపట్టని రోజుల్లో సగం వాడివే.

ప్రొద్దుటూరు మనిషి. రోజు కూలి లెక్కన హోంగార్డు. పేరు చెప్పను గానీ ఒక సబ్‌జైలు దగ్గర నేను గార్డు ఇన్‌ఛార్జిగా ఉన్నప్పుడు నా దగ్గర ఉండేవాడు. ఒక ఎండాకాలం పొద్దున "సార్, ఒళ్ళు కాలిపోతాంది, జ్వరం" అని వచ్చి నా ముందు నిలబడ్డాడు. మనుషులు తక్కువగా ఉన్నారు. పోయి నిలబడమన్నాను. మధ్యాహ్నం డీఎస్పీగారు చెప్పకుండా వచ్చారు. గేటు దగ్గర ఖాదర్ గోడకు ఆనుకుని తల వాల్చేసి ఉన్నాడు. జబ్బు మనిషికి మారుమనిషిని ఇవ్వనందుకు తప్పు నాది. ఆ మాట బయటపడకూడదని పుస్తకంలో "నిద్రలో ఉండగా" అని రాసి సంతకం పెట్టాను. వారం తిరక్కుండా వాణ్ణి తీసేశారు. ఆర్నెల్లకు గల్ఫ్ వెళ్ళాడని విన్నాను. నేను రాసింది డీఎస్పీగారు చెప్పి రాయించారనే వాడు అనుకున్నాడు. పోయేముందు మా ఇంటికి వచ్చి నా కాళ్ళకు దండం కూడా పెట్టి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున పాత కారు తళతళలాడేలా కడిగి తెచ్చాడు. మస్కట్‌లో మురికి బండి తిప్పితే జరిమానా వేస్తారట. మనిషి లావయ్యాడు, గడ్డం నెరిసింది. నన్ను చూడగానే మడమలు కలిపి నిలబడ్డాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బర్కాలో సముద్రం పక్కన ఖర్జూరపు తోటలు, చేపల బజారు. ఒక హల్వా కొట్టు ముందు బెంచీ మీద ఖాదర్‌కు తెలిసిన ముసలాయన కూర్చుని ఉన్నాడు. బలూచీ మనిషి. అందరూ చాచా అంటారు. ఉర్దూ బాగా మాట్లాడతాడు. పాతికేళ్ళు ఈ దేశపు సైన్యంలో చేశాడని తెలిసేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. పక్కన కూర్చుని ప్రశ్నలతో చంపేశాను.

"నేను చేరినప్పుడు ఆఫీసరు ఇంగ్లీషువాడు, గుమాస్తా హిందుస్తానీ, సిపాయీలం మేము బలూచీలం, కొందరు అరబ్బులు. ఆజ్ఞ ఇంగ్లీషులో, తిట్టు ఉర్దూలో, నమాజు అరబీలో. తర్వాత ఒక్కొక్క కుర్చీలో ఈ ఊరి పిల్లల్ని కూర్చోబెట్టారు. గొడవ లేదు, తొందర లేదు. ఇంగ్లీషువాడు నేర్పి వెళ్ళిపోయాడు. వాడి వాయిద్యం మాత్రం మా దగ్గరే ఉండిపోయింది," అన్నాడు చాచా.

ఆయన డ్యూటీ తుపాకీ కాదట, బ్యాండు. చంకలో తోలుసంచి పెట్టుకుని ఊదే బ్యాగ్‌పైపు. పరేడ్లలో ఒంటె మీద కూర్చుని కూడా వాయిస్తారట. నేను నమ్మలేదు. ఖాదర్ ఫోన్లో వీడియో చూపించాడు. నిజమే, ఒంటెలు వరసగా నడుస్తున్నాయి, మీద కూర్చున్నవాళ్ళు బుగ్గలు పూరించి ఊదుతున్నారు. మా రిజర్వు బ్యాండు లారీ దిగితేనే శ్రుతి తప్పేది. నేను పడీపడీ నవ్వాను. చాచా కూడా నవ్వి, జీడిపప్పూ కుంకుమపువ్వూ వేసిన వేడి హల్వా వేలితో తీసుకోమని నా ముందుకు జరిపాడు.

ఆ సాయంత్రం ఖాదర్ తీరాన నమాజుకు వెళ్ళినప్పుడు నోటుపుస్తకం తీశాను. చాచా చెప్పినవి రాసుకున్నాక కింద ఇంకో నాలుగు వాక్యాలు రాశాను. అవి ఖాదర్ గురించి. మనిషికి చెప్పలేనిది కాగితానికి చెప్పడం సులువు.

నిజ్వా: బజార్లో పరేడ్

శనివారం నిజ్వా చేరాం. అక్కడి కోట చూడాల్సిందే. గుమ్మాల పైన నేలలో రంధ్రాలు వదిలారు. శత్రువు లోపలికి దూరితే కాగిన ఖర్జూరపు పాకం నెత్తిన పోసేవారట. ఖర్జూరాల బస్తాలు పేర్చి, కారిన పాకాన్ని కాలువల్లో పట్టే గది కూడా చూపించారు. తిండీ ఆయుధమూ ఒకే గదిలో. మన కోటల్లో ఇంత పొదుపు చూడలేదు.

కోట పక్క బజార్లో వెండి బాకులూ పాత తుపాకులూ బహిరంగంగా అమ్ముతారు. అక్కడ నాకు ఒక త్రీ నాట్ త్రీ కనబడింది. ఇరవై ఏళ్ళు నా భుజాన ఉన్న రకం. కొట్టువాడు చూడమని ఇచ్చాడు. చేతికి రాగానే ఏమైందో, నా మడమలు కలిశాయి, తుపాకీ దానంతట అదే భుజానికెక్కింది, దిగింది, తుపాకీ నిలువుగా పట్టి వందనం చేసే సలామీ శస్త్ర్ కూడా అయిపోయింది. చుట్టూ తెల్ల అంగీలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక జర్మనీ ఆవిడ ఫొటో తీసుకుంది. ఖాదర్ మాత్రం నా చేతిలోంచి తుపాకీ మెల్లగా తీసి కొట్టువాడికిచ్చేశాడు.

"సార్, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దండి. తుపాకీ సంగతి సరే, నవ్విపోతారు. పొద్దుట్నుంచి ఆ బుక్కులో ఏందో రాస్తానే ఉండారు. గవర్నర్ ఆఫీసు ముందర నిలబడి రాస్తిరి. పోలీసు బండి కనపడితే రాస్తిరి. ఈడ అట్ల రాయకూడదు సార్."

"నేను పోలీసునిరా. ఏది రాయాలో ఏది రాయకూడదో నాకు తెలీదా?"

"మనూర్లో మీరు పోలీసు సార్. ఈడ మీరూ నేనూ ఒకటే," అన్నాడు.

నిజం చెప్పాడు కాబట్టే నాకు కోపం వచ్చింది. దార్లో ఒక కొట్లో పరాటాలో చీజు పూసి, చిప్సు నలిపి చుట్టి ఇచ్చారు. నాకు పెద్దగా సయించలేదు.

బహ్లా: మెడలో పాసు

బహ్లా చుట్టూ మట్టిగోడ మైళ్ళ పొడుగున ఉంటుంది. ఖాదర్ రూము దానికి ఇవతల, ఒక పాత ఇంటి మేడ మీద. అదే రూములో రాజేశం అని కరీంనగర్ వైపు మేస్త్రీ కూడా ఉంటాడు. ఆ పూట ఖాదర్ రాగిసంగటి కెలికి, చెనిగ్గింజల చట్నీ, మాంసం కూర చేశాడు. ఒమాన్‌లో నేను కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే.

తిన్నాక ఖాదర్ ట్రంకుపెట్టెలోంచి ఒక కార్డు తీసి చూపించాడు. ఊరి బయట ఒక సైనిక క్యాంపు ఉంది. దాని పేరూ చోటూ నేను రాయను, బుద్ధి వచ్చింది. ఖాదర్ కంపెనీ ఆ క్యాంపు వంటశాలకు కూరగాయలూ రొట్టెలూ సరఫరా చేస్తుంది. లోపలికి బండి తీసుకెళ్ళే పాసు కంపెనీలో ముగ్గురికే ఉంది. అందులో వీడొకడు.

"దీనికి ఎనిమిది నెలలు పట్టింది సార్. నా వేలిముద్రలు, నా ఊరు, నా పాత పని అన్నీ అడిగినారు. నా మీద ఒక్క చెడ్డమాట పడితే పాసు పాయె. పాసు పోతే కంపెనీకి నాతో పనిలేదు. వీసా కాన్సిల్ చేసి పంపిస్తారు. ఇంగో సంగతి ఉండాది సార్..." అని సిగ్గుపడ్డాడు. "షంషాద్ వస్తాంది వచ్చే నెల. విజిట్ వీసాకు పెట్టినా. పదకొండేండ్లలో మొదటిసారి ఈ ఊరు చూస్తాది."

భార్య కోసం ఆ గోడకు కొత్త అద్దం తగిలించాడు. రాజేశం ఆ నెల రోజులు వేరే రూముకు పోతానని ఒప్పుకున్నాడట.

నా చేతిలో నోటుపుస్తకం రాజేశం కూడా చూశాడు. "సారూ, గా క్యాంపు మొకాన మేము ఫోన్ సుత తియ్యం. తల దించుకొని పోతం," అన్నాడు.

ఇద్దరు చెప్పారు. రెండుసార్లూ విన్నాను.

టీ కొట్టు

ఆదివారం ఖాదర్‌కు డ్యూటీ. రూములో కూర్చోమన్నాడు. నేను కూర్చోనన్నాను. చివరికి బండిలో ఎక్కించుకుని, క్యాంపు గేటుకు రోడ్డు అవతల ఉన్న టీ కొట్టు దగ్గర దింపాడు. "గంటలో వస్తా సార్. టీ తాగండి, అంతే," అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

పావుగంట బుద్ధిగానే ఉన్నాను. టీ తాగాను. ఇంకో టీ తాగాను. ఎదురుగా గేటు. సెంట్రీలు ఇద్దరు. కుడివైపువాడు ఎండలో, ఎడమవైపువాడు నీడలో. మార్పు ఎప్పుడో చూద్దామనుకున్నాను. మార్పు జరిగింది, చక్కగా చేశారు, మావాళ్ళలాగా చెప్పులు ఈడ్చుకుంటూ కాదు. కానీ గోడ పక్కన ఒక నీళ్ళ ట్యాంకరు ఆపి ఉంది. దాని వెనక నుంచి మనిషి వస్తే ఎడమవైపు సెంట్రీకి కనబడడు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో అలాంటి లోపం చూసి ఊరుకున్న రోజు లేదు. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. గేటు బొమ్మ గీశాను. సెంట్రీలకు రెండు చుక్కలు, ట్యాంకరుకు ఒక డబ్బా. కింద "ఎడమ సెంట్రీకి చూపు అందదు. ట్యాంకరు తక్షణం తీయించాలి" అని రాసి, అలవాటుకొద్దీ సంతకం కూడా పెట్టాను.

తల ఎత్తేసరికి నా ముందు ఇద్దరు సైనికులు నిలబడి ఉన్నారు. ఒకడు చెయ్యి చాచాడు. పుస్తకం ఇచ్చేశాను. బొమ్మ చూశాడు. గేటు చూశాడు. నా ముఖం చూశాడు. "ఇక్కడికి ఎవరు తెచ్చారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నేనైనా అదే అడిగేవాణ్ణి మొదట. ఖాదర్ పేరు చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. ఎవరూ తేలేదనీ, నడుచుకుంటూ వచ్చాననీ చెప్పబోతుండగా క్యాంపులోంచి ఖాదర్ బండి బయటికొచ్చింది. వాడు నన్ను చూశాడు, పక్కన సైనికుల్ని చూశాడు. చూడనట్టు వెళ్ళిపోయి ఉండొచ్చు. బండి పక్కకు ఆపి, దిగి, నడిచి వచ్చి, "ఈయన నా మనిషి. నేను తెచ్చినా," అని అరబీలో చెప్పాడట.

పోలీస్ స్టేషన్: తొమ్మిది కప్పులు

సైన్యం వాళ్ళు మమ్మల్ని తమ దగ్గర ఉంచుకోలేదు. బయటి మనిషి సంగతి పోలీసుది అని అప్పగించారు. స్టేషన్‌లో ఎవరూ అరవలేదు, తోయలేదు. ఒక పోలీసాయన ఖర్జూరాల పళ్ళెం పెట్టి, చిన్న పిడతలాంటి కప్పులో కాఫీ పోశాడు. పాలు లేవు, చక్కెర లేదు, ఏలకుల వాసన. తాగి కప్పు కింద పెట్టాను. మళ్ళీ పోశాడు. మర్యాదకు పోస్తే కాదనకూడదని తాగుతూనే పోయాను. అలా తొమ్మిది కప్పులయ్యాయి. చాలనుకుంటే కప్పును ఇటూ అటూ ఆడించి ఇవ్వాలట. అప్పుడు చెప్పేవాడు లేడు. నా పక్కన ఖాదర్ నేలవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆఫీసరు నలభైలోపు మనిషి. నన్ను "వాలిద్" అన్నాడు. తండ్రీ అని అర్థం, వయసు మళ్ళినవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు. నా ఇంగ్లీషు పరేడ్ గ్రౌండు దాటి రాదు, ఆయనకు ఉర్దూ రాదు. పుస్తకమంతా తెలుగు.

ఆయన ఖాదర్‌తో అన్నది తర్వాత నాకు తెలిసింది: "నువ్వు చదువు, అరబీలో చెప్పు. ఈ పేజీల ఫొటోలు మస్కట్ పంపిస్తున్నాను. అక్కడ ఇంకొకరు చదువుతారు. నువ్వు చెప్పినదానికీ వాళ్ళు చెప్పినదానికీ ఒక్క మాట తేడా ఉన్నా నీ సంగతి వేరుగా ఉంటుంది."

ఖాదర్ మొదలుపెట్టాడు. ఒక వాక్యం తెలుగులో, అదే అరబీలో. మస్కట్ పేజీలో ఒకే పోలీసు శాఖ అన్ని పనులూ చేస్తుందన్న చోట ఆఫీసరు కొంచెం నవ్వాడు. బర్కా పేజీ వచ్చింది. ఒంటె మీద బ్యాగ్‌పైపు అయింది. అప్పుడు నాకు ఆ కింద ఏముందో గుర్తొచ్చింది.

"ఖాదరూ, ఆ పేజీ వద్దు," అన్నాను.

"ఏమంటున్నారు?" అని ఆఫీసరు అడిగాడు. ఖాదర్ చెప్పాడు. ఆఫీసరు ముఖంలో నవ్వు పోయింది. ఆ పేజీయే చదవమన్నాడు.

ఖాదర్ చదివాడు. "ఖాదర్ బాషా ఆ రోజు సబ్‌జైలు గేటు దగ్గర నిద్రపోలేదు." అరబీలో చెప్పాడు. "పొద్దున్నే జ్వరమని నాతో చెప్పాడు." చెప్పాడు. "నేను మారుమనిషిని ఇవ్వలేదు." అదీ చెప్పాడు. "నా తప్పు బయటపడకుండా నిద్ర అని రాశాను." దీన్ని తెలుగులో చదివి చాలాసేపు ఆగిపోయాడు. ఆఫీసరు ఎదురుచూస్తున్నాడు. ఖాదర్ పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఆ వాక్యాన్ని కూడా అరబీలో చెప్పేశాడు.

"ఈ ఖాదర్ బాషా ఎవరు?" అని ఆఫీసరు అడిగాడు.

"అనా," అన్నాడు. నేనే అని.

నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ముప్పై మూడేళ్ళు యూనిఫారం వేసుకున్నవాణ్ణి, బెంచీ మీద తలదించుకుని కూర్చున్నాను.

తర్వాత గేటు పేజీ కూడా చదివాడు. ట్యాంకరు సంగతి ఒక్క ముక్క తగ్గించలేదు. ఖాదర్ వద్దన్నా నేనే రాశానని, వాడి తప్పేమీ లేదని నేను తెలుగులో చెప్తే అదీ వాడే అనువదించాల్సి వచ్చింది.

ఆఫీసరు నాతో మెల్లగా అన్న మాటను ఖాదర్ తెలుగులో చెప్పాడు: "వాలిద్, మా గార్డు ఇన్‌ఛార్జీలూ రిమార్కులు రాస్తారు. కాకపోతే ఎవరి గార్డు పుస్తకంలో వాళ్ళు రాస్తారు."

ఖాదర్ మెడలోని పాసు తీయించి కవర్లో వేశారు. మస్కట్ నుంచి జవాబు వచ్చేదాకా వాడి కార్డు నంబరు మీద ఉన్నవన్నీ ఆగుతాయని చెప్పారు. షంషాద్ వీసా కూడా. మమ్మల్నిద్దర్నీ మాత్రం పోనిచ్చారు.

ఇబ్రి: మూడు రోజులు

కంపెనీవాళ్ళు ఖాదర్‌ను తాత్కాలికంగా ఇబ్రి వైపు దుకాణాలకు సరుకు వేసే బండికి మార్చారు. నేను మస్కట్ పోనన్నాను. జవాబు తెలియకుండా కూతురింట్లో అన్నం ఎలా తినగలను? వాడి పక్క సీట్లోనే కూర్చున్నాను.

బహ్లా దాటాం. ఒకపక్క రాళ్ళ కొండలు, ఇంకోపక్క ఏమీ లేదు. ఒక పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి, ఇంజను ఆపకుండానే అన్నాడు.

"జ్వరమని మీకు చెప్పినట్టు నాకు గుర్తుండాది. అయినా ఆ ఎండలో నేనే కన్ను మూసినానేమో అనుకుంటి. పదకొండేండ్లు నామీద నాకే అనుమానం. ఈడ ఎంత అలసిపోయినా డ్యూటీలో కూర్చోను, తెలుసునా? కూర్చుంటే నిద్రపోతానేమోనని భయం. మీరు ఒక్క మాట నాతో చెప్పింటే చాలు గదా!"

"తప్పయిందిరా," అన్నాను.

వాడు గేరు వేశాడు. ఆ మూడు రోజులూ నన్ను ఒక్కసారి కూడా సార్ అనలేదు. భోజనం పెట్టించాడు, మంచినీళ్ళు తెచ్చాడు, నా పక్కబట్టలు పరిచాడు. ఆ మాట మాత్రం రాలేదు.

ఇబ్రి బజార్లో ఖర్జూరాలు ఎన్ని రకాలో చెప్పలేను. రియాలుకు రెండు కిలోలవీ ఉన్నాయి, ఒక కిలో అయిదు రియాల్లవీ ఉన్నాయి. పలచటి రొట్టె పెనం మీద అరచేత్తో పూసి కాలుస్తారు, తేనె వేసి ఇస్తారు. మనం దోశ పోసేది గరిటెతో, వాళ్ళు పూసేది చేత్తో. ఇవన్నీ చూశాను గానీ దేని మీదా మనసు నిలవలేదు. సరుకు దింపే ప్రతి కొట్టు ముందూ నేను బండి దిగి అటూ ఇటూ తిరగడం, ఖాదర్ ఫోన్ మోగితే పరుగెత్తుకు రావడం. కంపెనీ మేనేజరు ఫోన్, రాజేశం ఫోన్, ఒకసారి షంషాద్. వీసా వచ్చిందా అని ఆమె అడిగితే "వస్తాది లే, ఈడ అన్నీ నిదానం" అన్నాడు ఖాదర్. అబద్ధమాడుతూ నావైపు చూశాడు.

మన దగ్గరైతే ఇలాంటి ఫైలు ఒక ఆఫీసులో పోయి ఇంకో ఆఫీసులో తేలేసరికి ఏడాది పడుతుంది, ఈలోగా ఎవడో ఒకడు బతికిపోతాడు కూడా. ఇక్కడ ఆ సందు లేదు. అన్నీ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ చెయ్యి బిగిసినా వెంటనే తెలుస్తుంది, విడిచినా వెంటనే తెలుస్తుంది.

బుధవారం మధ్యాహ్నం బహ్లా స్టేషన్ నుంచి రమ్మన్నారు. నన్ను లోపలికి పిలవలేదు. గోడ నీడన నిలబడి, చదవడానికి ఏమీ లేక ఎదుటి కొట్టు బోర్డు మీద అరబీ అక్షరాలు లెక్కపెట్టాను. అరగంటకు ఖాదర్ బయటికొచ్చాడు. మెడలో పాసు ఉంది.

"మాట మాటకూ సరిపోయిందంట," అన్నాడు. "ఆఫీసరు ఏమన్నాడో తెలుసునా? నీ పాత ఉద్యోగంలో పడిన మచ్చ బయటపడే ఆ పేజీని కూడా నువ్వు మార్చకుండా చదివితివి, కాబట్టి మిగతావి నమ్మినా అన్నాడు. బుక్కు ఇయ్యరంట. షంషాద్ వీసా కదిలింది."

నేను ఆ రోడ్డు మీదే కళ్ళు తుడుచుకున్నాను. వాడు మాత్రం నవ్వలేదు.

"మీరు నాకొక పని చేయాల," అన్నాడు. "షంషాద్ బండెక్కే లోపల మా ఇంటికి పోయి ఆ మాట చెప్పాల. ఫోన్లో కాదు. మీరే పోయి, మీ నోటితో."

ప్రొద్దుటూరు

ఇండియాకు తిరిగి వచ్చిన మూడో రోజే వెళ్ళాను. ప్రొద్దుటూరులో ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. షంషాద్ మంచం మీద సూట్‌కేసు తెరిచి, ఊరగాయ సీసాలకు గుడ్డలు చుడుతోంది. పాత సార్ వచ్చాడని కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. దార్లో పదిసార్లు అనుకున్న మాటలే ఎలాగో చెప్పాను. ఆ రోజు ఆయనకు జ్వరం, నిద్రపోలేదు, నేనే అబద్ధం రాశాను.

ఆమె చేతిలోని సీసా కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఈ మాట నాకెందుకు సార్? ఆయన నిద్రపోయినాడని నేను ఏనాడూ నమ్మలే," అంది. "రాండి ఇట్ల."

నన్ను గుమ్మం బయటికి తీసుకొచ్చింది. సందుకు అవతల సైకిల్ షాపు. అందులో ఒకాయన చక్రానికి గాలి కొడుతున్నాడు. ముందు నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఆయన మా అన్న. నా మొగుడికి నిద్ర బాషా అని పేరు పెట్టినాడు. పదకొండేండ్లుగా ఈ సందంతా అదే పేరు. నా కొడుకును బళ్ళో కూడా అదే పేరుతో పిలిచినారు. ఈడ నిలబడి చెప్పండి సార్."

పరేడ్ గ్రౌండులో మూడు వందల మందికి వినబడిన గొంతు నాది. ఆ పూట నాకే వినబడలేదు. "ఖాదర్ బాషా నిద్రపోలేదు. తప్పు నాది," అన్నాను.

సైకిల్ షాపాయన పంపు ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటాండారు సార్? ఇనబడలే."

మడమలు కలిపి, రెండోసారి సందంతా వినబడేలా చెప్పాను.